తవుడిచ్చి కొన్న పేరు

“ఆవులు తినే తవుడు పేరు నా కూతురికి పెట్టనివ్వను అత్తా. తవిటమ్మ ఏటి, తవిటమ్మ? రేపు స్కూల్లో పిల్లలు దీని మొహం మీదే నవ్వుతారు.”

“స్కూలుదాకా బతకాల గదే ముందు.”

“అలాంటి మాటలు అనొద్దని చెప్పేనా?”

“నాను అనకపోతే ఆగుతాదేటి? కిందటి రెండుసార్లూ నోరు మూసుకునే ఉన్నాను. ఏటయింది? నీ మొగుడు ఆ పేరు మీదే బతికేడు.”

“బతికి ఏం చేసేడు? ఉద్యోగం కాగితాల్లోంచి తవిటయ్య తీయించేసుకున్నాడు. ఎందుకో ఎప్పుడైనా అడిగేవా?”

“బతికేడు గనక మార్చుకున్నాడు. సచ్చినోడు మార్చుకుంటాడేటి?”

నా కోడలు తల దించుకుంది. ఒళ్ళో పిల్ల తొమ్మిది రోజులది. ఉదయం నుంచి రొమ్ము పట్టలేదు. నోటికి అందిస్తే పెదాలు కదిపి వదిలేస్తోంది. ఏడుపు కూడా పిల్లికూన ఏడుపంత. అప్పటికి మధ్యాహ్నం పన్నెండు. కలకత్తా భవానీపూర్‌లో కార్పొరేషన్ కూలీల క్వార్టర్లలో మాదొక గది, ముందు చిన్న వరండా. మా ఆయన పోయేక ఆయన పని నా కొడుక్కి, మావోడికిచ్చేరు. వాడు డ్యూటీలో ఉన్నాడు.

కోడలికి ముందు ఇద్దరు పోయేరు. మొదటిది కడుపులోనే. రెండోది పంతొమ్మిదో రోజున. ఇది మూడోది. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరమ్మ, పిల్ల బరువు తక్కువ, పాలు మానేస్తే వెంటనే తీసుకురండి అని మరీమరీ చెప్పింది. కోడలు చెప్పులేసుకుని బయల్దేరతానంది. ముందు తవుడు, తర్వాత ఆసుపత్రి అని నేను గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను.

ఈ పేరు సంగతి తెలీని వాళ్ళకి చెప్పాలి. మా శ్రీకాకుళం వైపు, పుట్టిన పిల్లలు వరసగా పోతుంటే, తర్వాత పుట్టినదాన్ని చేటలో పెట్టి పెంట మీదికి తీసుకెళ్తారు. పొరుగావిడ ఒకర్తె వచ్చి, నాకు దొరికింది, ఇది నాది అని ఎత్తుకుంటుంది. తల్లి వెళ్ళి, అమ్ముతావా అని బేరమాడుతుంది. ధర దోసెడు తవుడు. ఇచ్చి, పిల్లని కొనుక్కుని ఇంటికి తెచ్చుకుంటుంది. అప్పుడా పిల్ల తవిటమ్మ, మగాడైతే తవిటయ్య. తవుడుకి వచ్చిన సరుకు, ఎవరికి కావాలిలే అని జముడు చూడకుండా పోతాడని.

నా చిన్నతనంలో మా ఒక్క వీధిలోనే ముగ్గురు తవిటయ్యలు, ఇద్దరు తవిటమ్మలు. ఒకర్ని పిలిస్తే అందరూ పలికేవారు. అందుకని పొట్టి తవిటయ్య, నూతికాడ తవిటమ్మ అని విడదీసుకునేవాళ్ళం. నాకది నవ్వులాట. ఒక్కో తవిటయ్య వెనక ఇద్దరు ముగ్గురు పోయిన పిల్లలున్నారని పెళ్ళయ్యేదాకా తట్టలేదు. కలకత్తా వచ్చేక ఆ పేరున్నవాళ్ళు ముసలివాళ్ళలోనే కనిపించేవారు. తర్వాత వాళ్ళూ తగ్గిపోయేరు. సూది మందులొచ్చేయి, పిల్లలు నిలబడుతున్నారు, ఇంక ఆ పేరుతో పనేమిటి. మా క్వార్టర్లలో అయితే మావోడి తర్వాత ఎవరికీ పెట్టలేదు.

కోడలు ఖరగ్‌పూర్‌లో పుట్టింది, అక్కడే బెంగాలీ బడిలో తొమ్మిది చదివింది. కడుపుతో ఉన్నప్పుడే ఒక పేరు అనుకుని దాచుకుంది, నాకు మాత్రం ఒకసారి చెప్పింది. బెంగాలీ వాళ్ళు పెట్టుకునే మంచి పేరు. ఆ పేరు ఇక్కడ రాయను.

గొడవ విని పక్కగది మాసీ వచ్చింది. బెంగాలీ ఆవిడ, భర్త పోయి ఒంటరిగా ఉండేది, మా ఇంట్లో ఏం జరిగినా ఆవిడకి తెలియాల్సిందే. సంగతి చెప్పేను.

“ఇందులో సిగ్గేముంది బౌమా?” అంది కోడలితో. “మా మేనమామ పేరు తీన్‌కొడి. ముందు పుట్టినవాళ్ళు పోతే ఆయన్ని మూడు గవ్వలకి కొన్నారు. డెబ్బై ఏళ్ళు బతికేడు. ఆయన ఎప్పుడు పోతాడా అని ఇల్లంతా ఎదురు చూసేం.”

కోడలు నవ్వలేదు. బెంగాలీ వాళ్ళలో కూడా ఇలాంటిది ఉందని ఆమెకి తెలీదనుకుంటాను.  తర్వాత నా వైపు తిరిగింది.

“ఒకటి చెప్పు అత్తా. ఆ పేరు పెట్టినవాళ్ళందరూ బతికేరా?”

“బతికేరు.”

“అందరూ?”

కళ్ళలోకి చూసి అడిగింది. పిల్ల చెయ్యి ఆమె వేలు మీద ఉంది, పట్టుకోవడానికి కూడా బలం లేదు. ముప్ఫై ఏళ్ళు ఎవరికీ చెప్పనిది అప్పుడు చెప్పేను.

నాకు మొదటి పిల్లాడు నెలకే పోయేడు. రెండోది ఆడపిల్ల. దాన్ని తవుడిచ్చి కొన్నాను. దానికి పెట్టిన పేరే తవిటమ్మ. ఆ ఏడు పంటల్లేవు. గేదె ఈనింది, దానికి పెట్టడానికి ఏమీ లేదు. పొరుగావిడ నేనిచ్చిన తవుడు చేట అరుగు మీద పెట్టి లోపలికి వెళ్ళగానే సగం నా గంపలోకి ఎత్తుకున్నాను. ఆవిడ కిటికీలోంచి చూసింది, ఏమీ అనలేదు. ధర వెనక్కి తీసుకుంటే సరుకు మనదెలా అవుతుంది? ఎనిమిదో నెలలో, పళ్ళొచ్చే వేళకి, నీళ్ళ విరేచనాలతో రెండు రోజుల్లో పోయింది. మూడోవాడు మావోడు. వాణ్ణి కొన్నప్పుడు తవుడు చేట వంక కూడా చూడలేదు నేను.

“అదీ జరిగింది” అన్నాను. “మా ఆయనకీ తెలీదు.”

“తవుడు తీసుకోకపోతే అది బతికేదా అత్తా?”

“ఏమోనే.”

కోడలు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. “అయితే బేగి చెయ్యి. అయిన మరుక్షణం ఆసుపత్రికి” అంది.

సందు చివర గొడ్ల సావిడికి పరుగెత్తేను. పాలవాడి దగ్గర భూసి, అంటే గోధుమ పొట్టు, ఉంది. బియ్యం తవుడు లేదన్నాడు.

“మాయీ, ఆవుకి రెండూ ఒకటే.”

“నాకు ఆవుకి కాదు బాబూ.”

అక్కడే భూసి తీసుకుని ఉంటే అయిపోయేది. నేను తీసుకోలేదు. మనది వరి తవుడు, ఇంకోదాంతో చేస్తే చెల్లదని నా పట్టుదల. ఒకసారి ధరలో తప్పు చేసినదాన్ని మళ్ళీ చెయ్యకూడదనుకున్నాను. మెయిన్ రోడ్డు దాటి, దాణా కొట్టుదాకా ఎండలో నడిచేను. దోసెడు చాలు, కాని బస్తా కొన్నాను. పాత చీర చిరిగితే బొంత కుట్టుకుని, బొంత చిరిగితే మసిగుడ్డ చేసుకునేదాన్ని, అలాంటిది బస్తా తవుడు రిక్షాలో వేయించుకుని వచ్చేను. వచ్చేసరికి గంట దాటింది.

మా క్వార్టర్ల వెనక చెత్త పోసే చోట చేట పెట్టేం. చేటలో పిల్ల కళ్ళు తెరవలేదు. మాసీ ఎత్తుకుని, నాకు దొరికింది, నాది అంది బెంగాలీలో. కోడలు ఎదురుగా నిలబడింది. బేరం ఆడటం తెలీక, “ఇచ్చేయి మాసీ, ఇచ్చేయి” అంటూ ఏడ్చింది. నేను బస్తా మూతి విప్పి మాసీ కాళ్ళ దగ్గర పెట్టేను. “ఇదంతా నీది. తిరిగి అడగను” అన్నాను. కోడలు పిల్లని చేతుల్లోకి తీసుకుని, చెవి దగ్గర నోరు పెట్టి, తవిటమ్మా అని పిలిచింది. ఒక్కసారే. నాకు వినపడేలా పిలిచింది.

మావోడికి కబురు పెట్టి టాక్సీ ఎక్కేం. నడి రోడ్డు మీద ఎర్రజెండాల ఊరేగింపు అడ్డొచ్చింది. డ్రైవరు ఇంజను ఆపేసి బీడీ వెలిగించేడు. కోడలు పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చుంది. ఊపిరి ఉంది, ఉంది అని తనలో తనే అనుకుంటోంది.

ఆసుపత్రిలో చూడగానే లోపలికి తీసుకున్నారు. వేడిపెట్టెలో పెట్టేరు, ముక్కులోంచి గొట్టం వేసేరు. ఎప్పటినుంచి తాగటం లేదని డాక్టరు అడిగితే ఉదయం నుంచి అని కోడలు చెప్పింది. నేను తవుడు కోసం తిరిగిన సంగతి చెప్పలేదు. ఆ గంట గురించి ఆమె ఆనాడూ అడగలేదు, తర్వాతా అడగలేదు. నన్ను నేనే అడుగుతూ ఉంటాను. సగం తవుడు ఎత్తుకున్న చెయ్యీ ఇదే, భూసి వద్దన్న నోరూ ఇదే. ఒకదానికి పిసినిగొట్టుతనం పేరు చెప్పుకున్నాను. రెండోదానికి ఏ పేరు చెప్పుకోవాలో నాకు తెలీదు.

సాయంత్రం మావోడు డ్యూటీ బట్టల్లోనే వచ్చేడు. ముగ్గురం వార్డు బయట గోడకి చేరబడి ఉన్నాం.

మర్నాడు ఉదయం ఆరున్నరకి పిల్ల పోయింది. నర్సు వచ్చి మావోడికి చెప్పింది. ఎనిమిదింటికి కిటికీ దగ్గర గుమాస్తా కాగితం రాస్తూ, పిల్లకి పేరు పెట్టేరా అని అడిగేడు. మావోడు నా మొహం చూసేడు. కోడలు నేల చూసింది. కోడలు దాచుకున్న పేరు నేను చెప్పేను. నా నోరు తిరగక మొదటిసారి ఆయనకి అర్థం కాలేదు, మళ్ళీ చెప్పేను. రాసేడు. మావోడు సంతకం పెట్టేడు. కోడలు పిల్లని ఎత్తుకుంది. ముగ్గురం మెట్లు దిగేం.