గుమ్మంలో జ్వరం గన్ను

పిల్లలూ, కరోనా తర్వాత మా లాలాగూడ చర్చి మళ్లీ తెరిచినప్పుడు, గుమ్మంలో నిలబడి అందరి నుదుటికీ జ్వరం గన్ను పెట్టే పని మా పక్కింటావిడకు ఇచ్చారు. అంతకుముందు ఏళ్ల తరబడి ఆ గుమ్మంలో అందరికీ వందనాలు చెప్పింది నేను. ఇప్పుడు పాస్టరుగారు కూడా ఆమె ముందు తల వంచుతుంటే నాకు కడుపు మండిపోయేది.

రెండో ఆదివారం చూస్తే, గన్ను మూతి దగ్గరున్న చిన్న అద్దానికి ఆమె వేలి నూనె అంటుకుని ఉంది. అక్కడ మరక ఉంటే వేడి తక్కువ చూపిస్తుందని, వర్క్‌షాపులో మిషన్ల వేడి చూడటానికి అలాంటిదే వాడే మీ మామయ్య ఎప్పుడో చెప్పాడు. అయినా నేను నోరు విప్పలేదు. తప్పు బయటపడితే ఆ పని నాకిస్తారని ఆశ.

మూడో ఆదివారం చర్చికి వెళ్తుంటే దారిలోనే నాకు చలి మొదలైంది. ఆమె గన్ను పెట్టి చూసింది.

"తొంభై అయిదే ఉంది. లోపలికి పో అక్కా."

లోపల బెంచీల మీద చంటిపిల్లలు కనిపించారు. నా కాలు ముందుకు పడలేదు.

"నాకు జ్వరముంది. నీ గన్ను అద్దానికి నూనె అంటింది, జెర దూదితోని తుడువు."

"ఎప్పటిసంది?"

"పోయిన ఆదివారం సంది."

"మరి గప్పుడే చెప్పొద్దా అక్కా?"

గుమ్మం నుంచే వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేశాను.

జ్వరం తగ్గాక వెళితే, ఆమె నా చేతిలో దూది, స్పిరిట్ సీసా పెట్టి, "ఇగ తుడుసుడు నీ పని," అంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం అద్దం తుడిచి, గన్ను ఆమెకే ఇచ్చేదాన్ని. ఇచ్చేటప్పుడు మాత్రం నా వేళ్లు వెంటనే వదిలేవి కావు.