బంధువు తోడుంటే చాలన్న రూలు

మా వాళ్ళ పెళ్ళిళ్ళలో నేను భోజనానికి కూర్చున్నానంటే, పక్కనున్నవాళ్ళు కొత్తవాళ్ళకు నన్ను ఇలా చూపిస్తారు: కలెక్టరుతో కొట్లాడి బ్రౌజింగ్ సెంటర్ మూయించింది ఈమే. ఇందులో కొట్లాట ఒక్కటే నిజం. కలెక్టరును నేను చూడనే లేదు. కొట్లాడింది కలెక్టరాఫీసు ఆవరణలో షామియానా కింద కూర్చున్న ఒక గుమాస్తాతో. ఇక ఆ బ్రౌజింగ్ సెంటర్ మూతపడకపోగా, నా పుణ్యమా అని రెండు నెలల పాటు అంతకుముందెన్నడూ లేనంతగా కిటకిటలాడింది. నా నోటికి ఊళ్ళో ఉన్న పేరుకు ఆ కథ బాగా అతుకుతుంది కాబట్టి ఎవరూ సరిచూడరు. నేనే సరిచేస్తాను. అందులో నా తప్పు ఒకటుంది, దాన్ని దాచి మెచ్చుకోళ్ళు మింగడం నాకు చేతకాదు.

రెండువేల ఏడో, ఎనిమిదో. తమిళనాడులోని ధర్మపురిలో మా వీధి మొదట్లో, పెన్నాగరం రోడ్డు మీద మూడు బ్రౌజింగ్ సెంటర్లు ఉండేవి. ఇళ్ళల్లో కంప్యూటర్లు లేవు. పరీక్ష ఫలితాలకైనా, చెట్టికరై ఇంజనీరింగ్ కాలేజీ దరఖాస్తుకైనా, ఊరికే కూర్చుని స్నేహితులతో కబుర్లకైనా పిల్లలందరూ అక్కడికే. నా కూతురు తొమ్మిదో క్లాసు. నా భర్త అక్క కూతురు కూడా అదే బడి, అదే క్లాసు. ఆ వదిన రెండు వీధుల అవతల కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశం పెట్టుకుంది. ఆ రోజు మా అత్త తన పాత వడ్డాణం పెట్టెలోంచి తీసి నా కూతురి నడుముకు పెట్టింది. జడ నిండా కనకాంబరాలు చుట్టింది. బుగ్గన ఇంత దిష్టిచుక్క దిద్దింది. పిల్ల గుమ్మం పక్కన నిలబడి ఫోటో తీయించుకుంది.

నెల తిరక్కముందే పిల్లకు కడుపునొప్పి మొదలైంది. సోమవారం నుంచి శనివారం దాకా ఉంటుంది, ఆదివారం ఉండదు. డాక్టరు టానిక్ రాశాడు. మా అత్త ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. నేను నాకు తెలిసిన వైద్యం చేశాను, అంటే తిట్టాను. పిల్ల రెండు ముద్దలు తిని లేచిపోయేది. అద్దం ఉన్న గదిలోకి పోవడం మానేసింది. ఒక రోజు, "అమ్మా, నన్ను హరూర్‌లో మామ ఇంట్లో పెట్టి చదివిస్తావా?" అని అడిగింది. హరూర్ పోతే రెండో రోజుకే ఇంటికి పోదామని ఏడ్చే పిల్ల ఇది. అప్పుడు గానీ నేను నోరు మూసుకుని వినలేదు.

ఆ రోజుల్లో పిల్లలందరూ చేరిన ఒక స్నేహాల సైటు ఉండేది. ఎవరో మారుపేరుతో అందులో ఒక పేజీ తెరిచి, గృహప్రవేశం ఫోటో పెట్టి, పేజీకి 'దిష్టిబొమ్మ' అని పేరు పెట్టారు. దాని కింద క్లాసు పిల్లలు ఇంగ్లిషు అక్షరాల్లో తమిళం రాశారు. ఏ ఇంటికి కట్టాలి, గుమ్మానికా మేడకా, వానొస్తే రంగు పోతుందా. కట్టి ఆరు నెలలైనా మా ఇంటికి దిష్టి పోలేదు, రెండు పంపించండి అని ఒకడు. సెంటరులో కూర్చుని అది చదివినప్పుడు నాకు ఒక్క క్షణం నవ్వొచ్చింది. పక్కనే నా కూతురు నా మొహం చూస్తూ ఉంది. ఆ నవ్వుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

నాకు కావలసింది ఒక్కటే. ఆ పేజీ పోవాలి, పిల్ల బడికి పోవాలి. బడికి వెళ్తే, ఇది మా కాంపౌండు గోడ లోపల జరగలేదు కదా అన్నారు హెడ్మిస్ట్రెస్. స్టేషనుకు వెళ్తే, చైను ఏమైనా లాగారా, చెయ్యి చేసుకున్నారా అని అడిగారు. దెబ్బ తగిలింది గానీ కనపడదన్నాను. కనపడినప్పుడు రమ్మన్నారు. ఆ మూడింట్లో మా పిల్లలు పోయే సెంటర్ నడిపే అతను మా తెలుగువాడే, నన్ను అక్కా అంటాడు. కరెంటూ కుర్చీలూ మాత్రమే తనవనీ, లోపల ఎవరేం రాస్తారో తనకెట్ల తెలుస్తుందనీ చేతులు తిప్పాడు.

సోమవారం సోమవారం కలెక్టరాఫీసులో జనం దగ్గర అర్జీలు తీసుకుంటారు. మా వైపు దాన్ని మను అంటాం. నేను మూడు పేజీల మను రాసుకుని వెళ్ళాను. గుమాస్తా తలెత్తకుండానే తమిళంలో మొదలుపెట్టాడు.

"పట్టానా?"

"కాదు."

"రేషన్ కార్డా, ముసలివాళ్ళ పెన్షనా?"

"కాదు. పిల్లల మనసు."

పెన్ను ఆగింది. "అది ఏ శాఖమ్మా?"

"అది చెప్పడానికే కదా మీరు కూర్చున్నది."

అక్కడి నుంచి ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. వెనక లైను పెరిగింది. ఒక ముసలాయన, ఆమె మను ముందు తీసుకోండప్పా, లేకుంటే మాకు ఈ జన్మలో పట్టా రాదు అని నా తరఫున సిఫారసు చేశాడు. చివరికి గుమాస్తా ఆడవాళ్ళకు కుట్టుమిషన్లు ఇచ్చే శాఖ పేరు రాసి చీటీ నా చేతిలో పెట్టాడు. నాకు మిషన్ ఉందన్నాను. ఇంకొకటి ఇస్తారేమో, వద్దనకండి అన్నాడు.

పైనుంచి రూలు వచ్చేలా లేదని తెలిసి, మన రూలు మనమే పెట్టుకుందామని వార్డు కౌన్సిలర్ ఇంటి ముందు మూడు పొద్దులు నిలబడ్డాను. నాలుగో పొద్దుకు ఆయన మూడు సెంటర్లవాళ్ళనూ ఓ పదిమంది తల్లిదండ్రులనూ పిలిపించాడు. సగం మంది, సెంటర్లే మూసేయాలి అన్నారు. నేను ఒప్పుకోలేదు. చదువుకున్నదాన్ని, కంప్యూటర్ మీద నాకు పగ లేదు. పెద్దవాళ్ళు పక్కనుంటే పిల్లలు ఇలాంటివి రాయరు, వాళ్ళ మీద రాసింది చూసి ఒంటరిగా కుమిలిపోరు అని వాదించాను. సరే, నువ్వే రాయమ్మా అన్నారు. రాశాను. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలు తల్లిదండ్రులో, పెద్దవయసు బంధువో తోడు లేకుండా సెంటరులోకి రాకూడదు. వచ్చినవాళ్ళ పేరు, పిల్లకు వాళ్ళేమవుతారో రిజిస్టరులో రాయాలి. బంధువు అన్న మాట కావాలనే పెట్టాను. పెన్నాగరం పక్క పల్లెల నుంచి వచ్చి మామల ఇళ్ళల్లో, పిన్నమ్మల ఇళ్ళల్లో ఉండి చదివే పిల్లలు మా బళ్ళో సగం. వాళ్ళకు అన్యాయం జరగకూడదనుకున్నాను. ఆ వాక్యం రాసి, నా అంత ముందుచూపు ఎవరికుంది అని కూడా అనుకున్నాను.

రెండు వారాల తర్వాత రిజిస్టరు చూడడానికి వెళ్ళాను. సెంటరులో అడుగు పెట్టడానికి చోటు లేదు, మిగతా రెండు సెంటర్ల పిల్లలూ ఇక్కడే ఉన్నారు. రూలు తప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. వరస రాసే గడిలో మామ, మామ, మామ అని పేజీ పొడుగునా ఉంది. మామ పేరు దగ్గర ప్రతిచోటా సెంటరు నడిపే అతని సంతకమే.

ఇదేమిటని అడిగాను.

"మామనే గదక్కా," అన్నాడు అతను, ఏమాత్రం తొణక్కుండా. "ఆ పచ్చ గౌను పిల్లోళ్ళమ్మ మా పెద్దమ్మ కూతురు. ఆ కళ్ళజోడు పాప నాయన నాకు బావ వరస. తప్పుంటే నువ్వే చెప్పు."

"నా కూతురు వస్తే ఏమని రాస్తావు?"

"నువ్వు నాకు అక్కవైతే ఆ పాపకు నేనేమవుతాను? కుర్చీ వెయ్యమంటావా?"

ఒక్కొక్క పేరూ తీసుకుని వాళ్ళ తాతల దాకా పోయి చూశాను. వరసలు లెక్కగట్టడంలో నన్ను మించినవాళ్ళు మా ఇంట్లో లేరు. ఒక్కటి కూడా తప్పు దొరకలేదు. వందల ఏళ్ళుగా ఒక చోట స్థిరపడి, వాళ్ళలో వాళ్ళే పిల్లనిచ్చి పుచ్చుకునే జనం మేము. బస్సులో పక్క సీటు మనిషితో హరూర్ చేరేలోపల వరస కలపకపోతే మాకు ప్రయాణం చేసినట్టే ఉండదు. అలాంటి ఊరికి నేను బంధువు ఉంటే చాలు అని రూలు రాశాను.

రిజిస్టరు తిప్పుతుంటే ఇంకొకటి కనపడింది. అవ్వ అని రాసి, పక్కన వేలిముద్ర. రోజుకు అయిదారుగురు పిల్లలకు. ఆ వేలిముద్ర ఎవరిదని నేను అడగలేదు, అతనూ చెప్పలేదు. మా అత్త పదిహేను రోజులుగా సాయంత్రమైతే గుడికని పోతోంది, విభూతి మాత్రం తేవడం లేదు.

ఇంటికొచ్చి అడిగితే ఆమె దాచలేదు. అక్కడ ఫ్యాను బాగుంటుందట. పిల్లలు అవ్వా అవ్వా అని చుట్టూ చేరతారట, సర్బత్ తెచ్చిస్తారట.

"ఏమ్మే, నీకు తెలీదా," అంది సంబరంగా. "మన పాప ఫోటో ఆ పెట్టెలో ఉండాది. నా వడ్డాణంతో. పిల్లకాయలంతా దాని కింద దీవించి రాస్తా ఉండారు. దినామూ చూసొస్తా ఉండాను."

"ఎవరు చూపిస్తున్నారత్తా?"

ఆమె చెప్పిన పేరు నా భర్త అక్క కూతురిది.

మర్నాడు సాయంత్రం అత్తను తీసుకుని సెంటరుకు వెళ్ళాను. ఆ పిల్ల అక్కడే ఉంది. నన్ను చూసి తెర ఆపబోయింది, వద్దన్నాను. ఆమె పక్క కుర్చీలో అత్తను కూర్చోబెట్టి, కింద రాసినవన్నీ మొదటి నుంచి తెలుగులో చదివాను. అత్తకు అక్షరం రాదు గానీ దిష్టిబొమ్మ అంటే ఏమిటో ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. సగంలో ఆగాను.

"ఇంకా ఉండాదా?"

"ఉంది."

"చదువు."

అంతా చదివించుకుంది. తర్వాత మనవరాలి వైపు తిరిగింది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు.

"ఎందుకు చేసినావు?"

ఆ పిల్ల కీబోర్డు వైపు చూస్తూనే చెప్పింది. "ఇల్లు మాది. వడ్డాణం ఆమెకు పెట్టినావు."

ఇన్ని ఆఫీసులు తిరిగిన నాకు ఈ ఒక్క ముక్క ఎక్కడా తట్టలేదు. అత్త ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి, "తీసేయ్," అంది.

పేజీ తీయడానికి ఆమె సైటులో తన ఖాతాలోకి పోయినప్పుడు తెర మీద ఆమె వయసు ముప్పై ఒకటి అని కనపడింది. ఇదేమిటే అన్నాను. పద్దెనిమిది లోపలైతే సైటు రానివ్వదు అత్తా, అందరం అట్లనే వేసుకున్నాం అంది. మా అమ్మాయి ఎంత వేసుకుందో చూపించమన్నాను. నలభై. నాకప్పుడు ముప్పై తొమ్మిది.

పేజీ పోయింది. కానీ ఫోటోను అప్పటికే ఇంకో ఇద్దరు తమ పేజీల్లో పెట్టుకున్నారు. ఆ ఇద్దరూ ఎవరో ఆ పిల్లకు కూడా తెలియదు. ఫిర్యాదు చేయడానికి ఒక బటన్ ఉందంటే నొక్కాను. మరుసటి వారం మళ్ళీ నొక్కాను. సెంటరు అతను పాపం కంప్యూటర్లన్నీ ఆర్పి వెలిగించాడు కూడా. ఆ రెండు ఫోటోలూ అక్కడే ఉన్నాయి.

పిల్ల బడికి పోయింది. మా అత్త రోజూ గేటు దాకా తోడొచ్చి, ఎవరైనా తన మనవరాలి వైపు చూస్తే వాళ్ళు తల దించుకునే దాకా నిలబడి చూసేది. పక్కన రెండో మనవరాలిని కూడా చెయ్యి పట్టుకుని నడిపించేది. ఆరో రోజున నా కూతురు, "అవ్వా, నీ వల్ల ఎక్కువ నవ్వుతా ఉండారు, నువ్వు రావద్దు, నేనే పోతాను," అని పోట్లాడింది. ఆ సాయంత్రం మూడుసార్లు అన్నం పెట్టించుకుంది. ఫోటోలు పోలేదని దానికి తెలుసు. తెలిసే పోయింది.

నేను రూలులో బంధువు అన్న మాట కొట్టేసి తల్లిదండ్రులు మాత్రమే అని మార్పించాను. పదో క్లాసు ఫలితాలొచ్చిన రోజు పెన్నాగరం వైపు పిల్లలు సెంటరు బయట ఎండలో నిలబడ్డారు, వాళ్ళ అమ్మానాన్నలు పొలాల్లో ఉన్నారు. ఏమక్కా, ఇప్పుడు చెప్పు అన్నాడు అతను. నేనే లోపలికి పోయి ఒక్కొక్కరికీ అత్త అని సంతకం పెట్టాను. అందులో ఒక్క వరసా అబద్ధం కాదు.

ఇప్పుడు పిల్లల చేతుల్లోనే ఫోన్లున్నాయి. తల్లిదండ్రులు చూసుకోవాలి అని ఎక్కడ విన్నా అదే మాట. చూశాం కదా. మా అత్త పదిహేను రోజులు పక్కన కూర్చుని మరీ చూసింది. మా ఊరి సెంటరు అతను అడ్డం తిరిగితే వెళ్ళి అతని రిజిస్టరు తెరిపించి నిలదీయగలిగాను, నాకు జవాబు చెప్పడానికి అతనక్కడ ఉన్నాడు. పద్నాలుగేళ్ళ పిల్లకు నలభై అంటే సరేనని తలుపు తీసి, ఆ పిల్ల ఫోటో తీయమంటే పలకని ఆ సైటువాళ్ళ రిజిస్టరును తెరిపించే అధికారం ఏ ఆఫీసుది, ఆ ఆఫీసులో మను ఏ రోజు తీసుకుంటారు?