ఘటం కింది మన్ను

మీ ఇంట్లో బిడ్డ గుండెకు రంధ్రం ఉందని తెలిస్తే, ఏం చేయాలో మీరు ఎవరిని అడుగుతారు? డాక్టరునా, గోధుమ మొలకనా? నవ్వకండి. నా చిన్నప్పుడు ముంబయి కామాటిపురలో, వరసగదుల అద్దె ఇళ్లుండే మా చాల్‌లో మొలకనే అడిగారు.

పక్కింటి అక్కకు పుట్టుకతోనే గుండె గదుల మధ్య గోడకు రంధ్రం ఉండేది. మెట్లెక్కుతూ ఆయాసంతో మధ్యలోనే కూర్చుండిపోయేది. ఛాతీ తెరిచి రంధ్రం కుట్టాలని, ఆలస్యమైతే గుండె అలసిపోతుందని డాక్టర్లు చెప్పారు. ఆ రోజుల్లో వేరే దారి లేదు. అక్క వాళ్ల నాయన దసరా దాకా గడువు అడిగి వచ్చాడు. ఈలోగా అమ్మవారి మాట తెలుసుకోవాలని ఆయన ఉద్దేశం.

తరాల కిందట ముంబయి చేరిన మావాళ్లు మరాఠీవాళ్లను చూసి ఘటం పెట్టడం నేర్చుకున్నారు. నవరాత్రుల మొదటిరోజున పళ్లెంలో మన్ను పరిచి, గోధుమలు, జొన్నలు, రాగులు చల్లి, నడుమ కలశం నిలుపుతారు. మొలకలు ఎంత ఏపుగా పెరిగితే ఇంటికి అంత మేలని నమ్మకం. ఆ ఏడు అక్క వాళ్లింట్లో మొలకలు తల ఎత్తీ ఎత్తకముందే పసుపుబారి ఒరిగిపోయాయి.

"అమ్మవారు వద్దంటున్నది. నా బిడ్డ రొమ్ము కొయ్యనియ్య," అన్నాడు నాయన. గుమ్మంలో నిలబడ్డవాళ్లంతా తలలూపారు.

గోడకు ఆనుకుని కూర్చున్న అక్క మాత్రం, "మరి బడికెట్ల పోవాలె నాయనా? మెట్ల కాడనే పొద్దుగూకుతది," అంది.

మా నాయనమ్మ మంగళవారం ఉపవాసం తప్పని మనిషి. ఆమె వచ్చి పళ్లెం ముందు కూర్చుని, ఒక మొలకను పీకి వేరు చూసింది. అది ఎదగక మొండిబారి, నల్లబడి ఉంది.

"ఈపారి మన్ను ఏడికెళ్లి తెచ్చినవ్ రా?"

మా చాల్ మగవాళ్లలో చాలామంది కట్టడాల పనికి పోయేవారు. ఏటా కొత్త భవనానికి పునాది తవ్వేచోటి నుంచి మన్ను తెచ్చి ఇళ్లలో ఘటానికి వాడుకునేవారు. ఆ ఏడు అక్క నాయన ఆసుపత్రి చుట్టూ తిరుగుతూ పనికి పోలేదు. పక్కనున్న నాగ్‌పాడాలో సామాన్లకు నికెల్ పూత వేసే కార్ఖానా ఉంటే, దాని వెనకాల తవ్వి తెచ్చాడట. పూత కడిగిన నీళ్లు రోజూ పారే నేల అది.

నాయనమ్మ వాదించలేదు. "మళ్లొక్కపారి అడుగుదం. అవే గింజలు, అవే నీళ్లు, అదే దీపం. ఒక పళ్లెంల నీ మన్ను, ఇంకో పళ్లెంల పునాది మన్ను."

"అమ్మవారిని రెండుమాట్లు అడగొచ్చునా, పెద్దమ్మా?"

"వంకాయలకైతే బజారంతా తిరిగి అడుగుతవ్. బిడ్డ పానం కాడ సిగ్గెందుకు?"

రెండు పళ్లేలూ పక్కపక్కన పెట్టారు. పునాది మన్నులో మొలకలు పచ్చగా నిక్కాయి. కార్ఖానా మన్నులో మళ్లీ ఒరిగాయి, రెండు మూడు రాగుల మొలకలు తప్ప. అవి ఆ విషంలోనే మొండిగా నిలబడ్డాయి. అది అమ్మవారి మహిమేనా అని అడిగాను.

"తెల్వనిదానికి మహిమని పేరు పెట్టకు బిడ్డా. ఎందుకో తెలుసుకో," అంది నాయనమ్మ.

ఎందుకో చాలా ఏళ్ల తర్వాత చదివాను. తిండిగింజల మొక్కల్లో కొన్ని రకాలు లోహాన్ని వేరు దగ్గరే పట్టి ఉంచి పైకి పోనివ్వవు. పాడైన నేలల కోసం శాస్త్రవేత్తలు అలాంటి రకాలనే వెతుకుతున్నారు.

"అయితే చెడ్డది మన్ను. అమ్మవారు వద్దనలే," అన్నాడు అక్క నాయన. మరునాడు అక్క బట్టలు మూట కట్టి, ఆమెను తీసుకుని ఆసుపత్రికి బయల్దేరాడు. కొన్ని వారాలకు అక్క ఛాతీ మీద పొడవాటి కుట్లతో, తన కాళ్ల మీద తాను మెట్లెక్కి వచ్చింది.

ఆ అక్క ఇప్పుడు అమ్మమ్మ. ఈమధ్య ఆమె మనవరాలి గుండెలోనూ అలాంటి రంధ్రమే బయటపడింది. ఇప్పుడు ఛాతీ కోయనక్కర్లేదట. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి, మడిచిన లోహపు జాలీని రంధ్రం దగ్గర విప్పి మూసేస్తారు. అక్క నాకు ఫోన్ చేసింది.

"ఆనాడు లోహంతోనే కదా తమ్మీ గింజలు సచ్చినయ్? ఇప్పుడు దాన్నే పోరి గుండెల పెడ్తరంట."

నాకు భయం వేయలేదు, సంతోషం వేసింది. మా నాయనమ్మ ఉంటే అడిగి ఉండే ప్రశ్న అది. డాక్టరునే అడగమన్నాను. అక్క అడిగింది. జాలీ తీగలో నికెల్ ఉన్న మాట నిజమేనని, అది ఒంట్లోకి ఊరకుండా తయారుచేసి పరీక్షించిన తీగ అని డాక్టరమ్మ చెప్పింది. కొన్ని నెలల్లో దానిమీద శరీరంలోని పొరే అల్లుకుంటుందంది. నికెల్ పడనివాళ్లూ ఉంటారని, అన్ని రంధ్రాలకూ ఈ పద్ధతి కుదరదని కూడా దాచకుండా చెప్పి, పాపను అన్ని విధాలా చూశాకే సరేనంది. జాలీ పెట్టించుకున్న ఆ పిల్ల ఇప్పుడు మెట్ల మీద అమ్మమ్మను దాటి పరుగెడుతోంది.

ఎవరైనా నాకు శకునం చూపిస్తే, ఈ వయసులోనూ నేను దాని కింది మన్ను చూస్తాను. నాయనమ్మ నాకిచ్చిన ఆస్తి అదే.

మీరు ఘటం పెట్టుకోండి, దీపం వెలిగించుకోండి, మీ ఇష్టం. కానీ మీ ఇంట్లో మెట్ల మీద ఆయాసంతో ఆగిపోయే బిడ్డ ఉంటే, మొలకల కోసం ఎదురుచూడకండి. రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మీ భయాన్ని ప్రశ్నగా మార్చి, జవాబు అర్థమయ్యేదాకా అడగండి.