ఊ కొట్టే గిటారు

మా తోడల్లుడు పోయాడని చర్ల నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను నా గిటారుకు కొత్త తీగలు ఎక్కిస్తున్నాను. ఫోన్ ఎత్తింది మా ఆవిడ. "అక్కా... ఏందక్కా, సరిగ్గ చెప్పవే" అంటూ గుమ్మంలోనే కూలబడింది. పొద్దున ఛాతీలో నొప్పి అన్నాడట. భద్రాచలం దవాఖానాకు పోదామని జీపు పిలిపిస్తే, అది వచ్చేలోపే అయిపోయింది. యాభై కూడా నిండని మనిషి. మా ఆవిడను లేపి కూర్చోబెట్టి నీళ్లు తాగించాను. నేనూ ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను. కానీ ఆ ఏడుపు మధ్యలోనే ఒక ఆలోచన దూరింది: ఆయన గిటారు ఇప్పుడు ఎవరికి పోతుంది?

పోయినవాళ్ల గురించి మంచి మాటలే రాయాలంటారు. రాస్తాను. ఆయన దగ్గర మంచికి కొదవ లేదు. నా కడుపుమంటంతా దాని గురించే.

తోడల్లుళ్ల సంగతి మీకు నేను చెప్పాలా? ఒకే ఇంటికి ఇద్దరు అల్లుళ్లున్నాక, ఒకడి విస్తట్లో ఎన్ని ముక్కలు పడ్డాయో రెండోవాడి కళ్లు చూస్తూనే ఉంటాయి. ఆయన పెద్దల్లుడు, నేను చిన్నల్లుణ్ణి. ఆయన చర్లలో కరెంటు లైన్‌మన్. గాలివానకు అడవిలో చెట్టు కూలి లైను తెగిందంటే నిచ్చెన భుజాన వేసుకుని బురదలో నడిచిపోయేవాడు. నేను దమ్మపేట మండలాఫీసులో గుమాస్తాను, ఫ్యాను కింద ఉద్యోగం. లెక్క ప్రకారం అత్తగారింట్లో నా మాట చెల్లాలి. చెల్లితే ఇదంతా ఎందుకు రాస్తాను?

పైగా ఆయనకంటే ముందు గిటారు పట్టినవాణ్ణి నేను. కాలేజీ రోజుల్లో ఖమ్మంలో నేర్చుకున్నాను. ఉద్యోగం వచ్చాక హైదరాబాదు పోయి మరీ నల్లటి ఎలక్ట్రిక్ గిటారు కొనుక్కున్నాను. నిండు కట్టె, మెడలో వేసుకుంటే భుజం లాగేసేది. దానికి తోడు ఒక ఆంప్లిఫయర్ బాక్సు. అది చూసి మురిసిపోయి, ఆయనా ఒకటి పట్టుకొచ్చాడు. కొత్తగూడెంలో పెళ్లిళ్లకు వాయించే ఆర్కెస్ట్రా ఒకటి మూతపడి సామాను అమ్ముకుంటుంటే కారుచౌకగా దొరికింది. అదీ ఎలక్ట్రిక్ గిటారే గానీ లోపలంతా డొల్ల. ముందు చెక్క మీద వంకర చిల్లులు రెండు. జిలేబీ రంగు, అదీ అక్కడక్కడా పెచ్చులు లేచిపోయింది. కంపెనీ పేరు అరిగిపోయింది.

"అన్నా, గిది గిటారా, గుమ్మడికాయనా?" అని నవ్వాను.

"గుమ్మడికాయే తమ్మీ. కూరకు పనికిరాదని వాయిస్తున్న" అన్నాడు.

నా నల్లదాని మీద వేళ్లు ఎక్కడ పెట్టాలో ఆయనకు మొదట చూపించింది నేనే. "మా తమ్మి నేర్పిండు" అని ఆయన కనబడినవాడికల్లా చెప్పేవాడు. ఆ మాట కూడా నాకు గిట్టేది కాదు. నేర్చుకున్నవాడు దాటిపోయాక అలా చెబితే, అది పొగడ్తో ఎత్తిపొడుపో ఎవరికి తెలుసు?

మా అత్తగారిది పర్ణశాల. బతికున్నన్నాళ్లూ గోదారి ఒడ్డున యాత్రికులకు టీ, టిఫిన్ అమ్మే హోటలు నడిపేది. ఆమె గొంతు గురించి ఒక్క మాట చెబితే చాలు: అవతలి ఒడ్డున పడవవాడు ఆమె కేక విని లేచి కూర్చునేవాడు. ఒక మధ్యాహ్నం మేమిద్దరం అరుగు చివర కూర్చుని కబుర్లలో ఉన్నాం. ఆయన గిటారు లోపల మంచం మీద పడి ఉంది. అత్తగారు పొయ్యి దగ్గర నుంచి కేకేసింది.

"ఓ పెద్దల్లుడా! ఓ చిన్నల్లుడా! తిండి తినేదుందా లేదా?"

మేం పలకలేదు. మంచం మీద నుంచి సన్నగా "ఊఁ" అని వినబడింది.

అత్తగారు గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. "ఎవరు పలికింది?"

ఆయన గిటారు వైపు వేలు చూపించాడు. ఆమెకు నమ్మకం కుదరక, దాని మీదికి వంగి మళ్లీ కేకేసింది. మళ్లీ "ఊఁ" అంది. ఇక ఆ నవ్వు చూడాలి! నవ్వీ నవ్వీ మంచం కోడు పట్టుకుని కూర్చుండిపోయింది. "బిడ్డల్నిచ్చిన అల్లుళ్లు పలకరు గానీ, గీ డొల్లపెట్టె ఊ కొడతాంది సూడు!"

"దాని కడుపు ఖాళీ అత్తా" అన్నాడాయన. "ఇనాలంటే లోపల జాగ ఉండాలె గదా."

ఆ రోజు నుంచి హోటలుకు ఎవరొచ్చినా ముందు ఆ గిటారును పిలిచి చూపించాకే టీ. నేను ఇంటికి రాగానే తలుపేసుకుని నా నల్లగిటారు ముందు నిలబడి ఒక్క కేక పెట్టాను. చెవి ఆనించి చూశాను. చెక్క బీరువా కూడా అంతకంటే నయం. మా ఆవిడ తలుపు తోసుకుని వచ్చింది. "ఏందయ్యా, కట్టెతోని కొట్లాడుతున్నవ్?"

శ్రీరామనవమి రోజులకు పర్ణశాలలో జనం కిక్కిరిసిపోయేవారు. అత్తగారికి సాయంగా అల్లుళ్లిద్దరం వెళ్లేవాళ్లం. ఒక ఏడు నేను నా బాక్సు కూడా మోసుకెళ్లాను. హోటలు ముందు వైర్లన్నీ సర్దుకుని, నల్లగిటారు మెడలో వేసుకుని మొదలుపెట్టాను. పడవ దిగినవాళ్లు దిగినట్టు నా చుట్టూ చేరారు. అత్తగారు కూడా పూరీలు వేయడం ఆపి చూస్తోంది. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ వాయించలేదు, మీరు నమ్మాలి. సరిగ్గా పాట ఎత్తుకునే చోట కరెంటు పోయింది. నా వేళ్లు ఆడుతున్నాయి, టిక్కుటిక్కుమని ఇనప చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

ఆయన గ్లాసులు కడుగుతున్నాడు. చేతులు లుంగీకి తుడుచుకుని, ఆ జిలేబీ గిటారు తీసుకుని, నా పాట ఎక్కడ ఆగిందో అక్కడ నుంచే అందుకున్నాడు. కరెంటు లేదు, బాక్సు లేదు. అయినా మొదటి వరుస దాకా హాయిగా వినబడింది. వెనకవాళ్లు వినాలని ముందుకు జరిగారు. ఆయన నా వైపు చూసి పాడమన్నట్టు తలూపాడు. నేను పాడితే ఒట్టు! అప్పటికి చిన్నదైన మా అమ్మాయి పోయి ఆయన మోకాలికి ఆనుకుని కూర్చుంది. రాత్రి అన్నాల దగ్గర నాకు తీర్పు చెప్పేసింది. "పెదనాన్నది మస్తుగుంది నాన్నా. నీది కరెంటు పోతే సచ్చిపోతది."

తిరిగి వస్తుంటే బస్సులో మా ఆవిడతో అన్నాను. "మీ బావ లైన్‌మన్ గదా. ఎవనికో ఫోన్ కొట్టి కరెంటు తీయించి ఉంటడు." భద్రాచలం బ్రిడ్జి దాటేదాకా ఆమె నవ్వు ఆపలేదు.

ఇంకో అనుమానం కూడా ఉండేది నాకు. బాక్సు పెట్టి వాయించినప్పుడల్లా ఆయన పక్కకు తిరిగి, నాకు వీపు పెట్టి కూర్చునేవాడు. వేళ్లు ఎక్కడ పెడుతున్నాడో నేను చూడకుండా దాచుకుంటున్నాడనుకున్నాను. ఒకసారి పట్టలేక అడిగేశాను. "ఏందన్నా, నా దగ్గర గూడ దాపరికమేనా?" ఆయన గిటారుతో సహా బాక్సు వైపు తిరిగాడు. అంతే, చెవులు చిల్లులు పడేటట్టు కుయ్యోమని ఒక ఊళ. వీధిలో కుక్కలన్నీ అందుకున్నాయి.

"ఎక్కువ ఇంటది తమ్మీ, గదే దీని రోగం" అన్నాడు చెవి రుద్దుకుంటూ. "దాని ఊ దానికే ఇనబడి, మళ్ల ఊ కొడతది."

గిటారు సంగతి సరే, ఆయనా అంతే. ఎవరేం చెప్పినా తీగలు తుడుస్తూ "ఊఁ... అట్లనా... అవ్ మరి" అనేవాడు. అడ్డం వచ్చేవాడు కాదు, సలహా చెప్పేవాడు కాదు. చర్ల చుట్టుపక్కల పల్లెల నుంచి పోడు భూముల గొడవలతో వచ్చినవాళ్లు, ఆయన చేతిలో ఏమీ లేదని తెలిసి కూడా ఆయనింటి ముందు కూర్చుని చెప్పుకుని పోయేవారు. మా అమ్మాయి బడి కబుర్లన్నీ ఫోన్లో పెదనాన్నకే. చివరికి మా ఆవిడ కూడా! కడుపులో గడ్డ ఉందేమోనని తను నెల రోజులు భయపడిన సంగతి నాకంటే ముందు ఆయనకు తెలుసు. ఏమీ లేదని డాక్టరు చెప్పాక నాకు చెప్పింది. "నాకెందుకు చెప్పలే?" అని అరిచాను. "గిందుకే" అంది. "బావతోని మాట్లాడితే మాట్లాడినట్టుంటది." ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. మనిషి మంచివాడైతే తిట్టుకోవడానికి కూడా వీలుండదు, అదొక నరకం.

ఆ గిటారు నా దగ్గరుంటే అదంతా నాకూ వస్తుందని ఎందుకనుకున్నానో చెప్పలేను. అనుకున్నాను. ఒకసారి చర్ల వెళ్లినప్పుడు అడిగేశాను కూడా. "అన్నా, మార్చుకుందామా? నా నల్లది నువ్వు తీసుకో, నీది నాకియ్యి."

ఆయన భుజం తడుముకున్నాడు. "నీదాని బరువుకు నా భుజం ఆగదు తమ్మీ. నిచ్చెన మోసి మోసి అరిగింది. ఇగ దీంతోని నువ్వు ఆగవు."

"అదేందన్నా?"

"గిది మనం ఊకున్నప్పుడే మంచిగ మోగుతది. నువ్వు ఊకుండవు గదా!" అని నా వీపు మీద చరిచి పకపకా నవ్వాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ వానాకాలమంతా చర్ల మొహం చూడలేదు. వానలు వెలిశాక తనే అడవి తేనె సీసా పట్టుకుని దమ్మపేట వచ్చాడు, ఏమీ జరగనట్టు. నేను గంటసేపు మా ఆఫీసు రాజకీయాలు చెబితే "ఊఁ" కొడుతూ కూర్చున్నాడు. వెళ్లిపోయాక చూసుకుంటే, ఆయన సంగతి ఒక్కటీ అడగలేదు నేను.

దహనానికి వెళ్లొచ్చాక, పదో రోజు దినాలకు మళ్లీ చర్ల పోతూ నా గిటారు కవరు మడిచి సంచిలో పెట్టుకున్నాను. మా ఆవిడ చూసింది. దారిలో పోలీసు క్యాంపు దగ్గర బస్సు ఆపి అందరి సంచులూ వెతికారు. జవాను నా కవరు విప్పి దులిపాడు. "గిదేంది, ఖాళీగుంది?"

"వచ్చేటప్పుడు నిండుతది" అన్నాను.

కార్యం అయిపోయింది. చుట్టాలు ఒక్కొక్కరే కదిలారు. అన్నకూ వదినకూ పిల్లలు లేరు. ఇంట్లో మా వదిన, అంటే మా ఆవిడ అక్క, మేము మిగిలాం. గిటారు గోడకు మేకు మీద వేలాడుతోంది. నేను చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను.

"తీస్కపో మరిదీ" అంది మా వదిన. "ఎన్నడో అడిగినవంట గదా. ఆయన చెప్పిండు నాకు. నేనున్నన్నాళ్లు ఇయ్య గానీ, తర్వాత తమ్మిదే అన్నడు."

ఆశకొద్దీ లేచాను. మేకు మీద నుంచి తీసి గుండెకు ఆనించుకున్నాను. ఎంత తేలికో! ఇన్నేళ్లూ దాన్ని చూసి కుళ్లుకున్నానే గానీ ఎప్పుడూ ఎత్తుకుని చూడలేదు. అప్పుడే ఎవరో పల్లె నుంచి వచ్చిన ముసలమ్మ గడపలోకి అడుగుపెట్టింది. ఆమెను చూడగానే మా వదిన నోరు తెరిచి ఏడ్చింది. పది రోజులుగా బిగబట్టుకున్నదంతా ఒక్కసారి వచ్చింది. "పాయె గదమ్మా... నన్ను ఇడిచి పాయె గదా..."

నా గుండె మీద ఆ చెక్క అదిరింది. తీగ ఎవరూ ముట్టుకోలేదు. ఆమె ఏడుపు హెచ్చినప్పుడు హెచ్చింది, తగ్గినప్పుడు తగ్గింది. ఊఁ అంది. మళ్లీ ఊఁ అంది. ఆ మనిషి అచ్చం అట్లాగే అనేవాడు.

ఏడుపు సద్దుమణిగేదాకా కదలకుండా నిలబడ్డాను. తర్వాత గిటారును తీసుకెళ్లి మళ్లీ ఆ మేకుకే తగిలించాను.

"ఏంది మరిదీ, వద్దా?"

"తీగలు పాతగైనయ్ వదినా. కొత్తయి తెచ్చి ఎక్కిస్త. అప్పుడు చూద్దాం" అన్నాను.

తిరిగి వస్తుంటే క్యాంపు దగ్గర అదే జవాను. కవరు మళ్లీ విప్పాడు. "నిండుతదంటివి గదా?" అన్నాడు. కవరు మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఆ రోజు బస్సులో దమ్మపేట దాకా మా ఆవిడే మాట్లాడింది, వాళ్ల బావ గురించి. నేను అడ్డం రాలేదు.

కుళ్లు తగ్గిందని చెప్పను. పెరిగింది. చచ్చి కూడా ఆ మనిషి ఇంట్లో పలుకుతున్నాడు. నేను పోయిననాడు మా ఆవిడ గొంతెత్తి ఏడిస్తే పలకడానికి మా ఇంట్లో ఏముంది, ఆ నల్లకట్టె తప్ప?

ఈపాటికి చర్లలో మా వదిన గింజలు చేట్లో పోసుకుని కోళ్లను పిలుస్తూ ఉంటుంది. వాళ్లమ్మ గొంతే ఆమెది కూడా. వాకిట్లో కోళ్లు పరుగెత్తుకొస్తుంటాయి. లోపల గోడ మీద ఆ గిటారు ఊ కొడుతుంటుంది.