మూడో అంతస్తులో దిగిపోయే మనిషి

ఆ ఎనిమిదంతస్తుల ఆఫీసులో లిఫ్టు నడిపే ఆయన్ని అందరూ 'లిఫ్టు పాస్టరు' అనేవారు. నిజానికి ఏ చర్చికీ పాస్టరు కాదు. భార్య చనిపోయిన ఏడాది యేసును నమ్ముకుని రక్షణ పొందాడు. ఆ సంతోషం కడుపులో దాచుకోలేక, స్టూలు మీద కూర్చుని మీట నొక్కుతూ ఎక్కినవాళ్లందరికీ చెప్పేవాడు. పాత లిఫ్టు, నత్తనడక. అంతస్తుకింత అని మాటలు కొలిచి పెట్టుకున్నాడు. మూడో అంతస్తు దాకా పాపం, దాని జీతం మరణం. నాలుగు దగ్గర సిలువ. ఆరు దాటాక విశ్వాసం. ఎనిమిదికి చేరేసరికి రక్షణ.

వినేవాళ్లు తగ్గిపోయారు. మోకాళ్లు అరిగినవాళ్లు సైతం మెట్లెక్కడం మొదలుపెట్టారు.

"పాస్టరుగారి పుణ్యమా అని నా షుగరు తగ్గిందండోయ్!" అని ఐదో అంతస్తు టైపిస్టు మెట్ల మీంచి కేకేసేది.

ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఖాళీ లిఫ్టులో తిరుగుతూ గోడలకే చెప్పుకున్న రోజులు బోలెడు.

ఒక్క మనిషి మాత్రం మానకుండా ఎక్కేవాడు. మూడో అంతస్తు రికార్డు గుమాస్తా. పెళ్లీ పెటాకులూ లేవు, నోట్లో నాలుక లేదు. పదకొండేళ్లుగా తలొంచుకుని వినడం, మూడులో దిగిపోవడం.

రిటైరయ్యే రోజు పొద్దున లిఫ్టు కదలగానే ఆ మనిషి నోరు విప్పాడు.

"రేపట్నుంచి నన్ను తిట్టే దిక్కు కూడా ఉండదు పాస్టరూ."

"నేను తిట్టానా సార్?"

"మరేంటయ్యా? రోజూ పొద్దున్నే పాపివి, చస్తావు అంటావు. నిజమేలే. మా అమ్మ ఆఖరి రోజుల్లో పిలిస్తే నేను వెళ్లలేదు."

లిఫ్టాయనకి అప్పుడు తట్టింది. ఈ మనిషి ఏనాడూ మూడు దాటి పైకి రాలేదు. పదకొండేళ్లు తనే జబ్బు చెప్పి, మందు చెప్పకుండా పంపేశాడు. మూడు వచ్చింది. ఆపలేదు.

"ఏయ్, నా అంతస్తు!"

"మిగతాది వినండి సార్, మీ కాళ్లు పట్టుకుంటా."

కొలత మాటలన్నీ ఎగిరిపోయాయి. "మీరు చావాల్సిన చావు యేసయ్య చచ్చాడు సార్. మీ అమ్మగారి దగ్గరికి వెళ్లని పాపం కూడా ఆయనే మోశాడు. మళ్లీ లేచాడు. నమ్మండి, చాలు."

ఎనిమిదిలో లిఫ్టు ఆగింది. గుమాస్తా కదల్లేదు.

"అంతేనా? నేనేం చెయ్యక్కర్లేదా?"

"అక్కర్లేదు సార్."

"మరి ఇంత మంచి మాట ఇన్నాళ్లూ ఎందుకు దాచావయ్యా?"

లిఫ్టాయన మీట మీద చెయ్యి వేశాడు. "క్షమించండి సార్. ఉండండి, కిందికి దింపుతా."

"వద్దులే. ఒక్కణ్ణే నడుస్తా."

చెప్పడం వరకే తన చేతిలో ఉంది. ఆ మనిషి బదులు తాను నమ్మలేడు. కింది నుంచి లిఫ్టు గంట మోగుతూనే ఉంది. లిఫ్టాయన మెట్ల దగ్గర నిలబడి ఆ చెప్పుల చప్పుడు దిగిపోవడం విన్నాడు. ఎక్కడో మధ్యలో అది ఆగింది. ప్రార్థనో, ఆయాసమో, పైన నిలబడ్డ లిఫ్టాయనకి తెలియలేదు.