లెక్క7 పేరు మార్చిన రోజు

సాహిత్య అంటే నాకు కుళ్లు. దాచుకోవడం దేనికి? 2007లో చేవెళ్ల బస్టాండు ఎదురుగా మేడ మీద మా ఆఫీసు ఉండేది. ఎరువుల దుకాణాలకు బిల్లింగ్ ప్రోగ్రాం తయారుచేసి అమ్మేవాళ్లం. ఆరేళ్లుగా దాన్ని రాసింది నేనే. అందులోని భాగాలకు లెక్క1, లెక్క2 అని నోటికొచ్చిన పేర్లు పెట్టుకుంటూ పోయాను. ఏది ఎక్కడుందో నాకు తప్ప ఎవరికీ తెలియదు. అందుకే ఆఫీసు తెరవగానే అందరూ "ఉదయన్నా" అంటూ నా కుర్చీ చుట్టూ చేరేవారు. ఆ వైభోగానికి గండి కొట్టడానికే వచ్చిందామె.

మొయినాబాద్ పక్క హిమాయత్‌నగర్ నుంచి షేర్ ఆటోలో వచ్చేది. చేరి నాలుగు నెలలు కాలేదు, మా యజమాని రామేశ్వర్ దగ్గరికి వెళ్లి, "రీఫ్యాక్టరింగ్ యాడ్-ఇన్ ఒకటి కొందాం సార్. ప్రోగ్రాంల ఒక్కతాన పేరు మారిస్తే అంతట అదే మారుస్తది" అంది. నేను ఊరుకుంటానా? వరుసలు సర్ది, రంగులు వేసి ఊరుకునే ఇంకో టూలు చూపించాను. దానివల్ల నా కుర్చీకి ముప్పు లేదు. రెండూ నెల రోజులు ఉచితమే.

"ఏది మంచిగున్నదో సోమవారం చూద్దాం" అన్నాడు రామేశ్వర్.

పరీక్షకు లెక్క7 అనే పేరు ఎంచి ఇచ్చింది నేనే. ఆ పేరు ప్రోగ్రాంకు బయట విడిగా ఉండే రిపోర్టు ఫైళ్లలోనూ ఉంది. ఆమె టూలు అక్కడ వెతకదని నాకు తెలుసు, రిపోర్టుల సంగతి ఆమెకు తెలియదు. సాహిత్య పేరు మార్చింది. కళ్లు మూసి తెరిచేలోగా ప్రోగ్రాంలో నలభై మూడు చోట్ల మారిపోయింది. నాకైతే రెండు రోజుల పని అది. తర్వాత రిపోర్టు తెరిస్తే తెల్లకాగితం వచ్చింది.

రామేశ్వర్ నావైపు తిరిగాడు. "రిపోర్టుల గూడ ఆ పేరున్నదని నీకెర్కలేదా, ఉదయ్?"

నేను నోరు తెరిచేలోగా సాహిత్య అందుకుంది. "అన్న యాది మర్చిండేమో సార్. నేనే అడగాల్సింది. అన్న చూపెట్టిందే కొందాం."

గెలిచాను. కానీ ఒళ్లు మండిపోయింది. పనిలో పైచేయి ఆమెదే, ఇప్పుడు మంచితనంలోనూ ఆమెదేనా?

"యాది మర్వలే సార్. ఎర్కుండే చెప్పలే. ఆమె టూలే మంచిది" అన్నాను.

రామేశ్వర్ తిడతాడనుకుంటే, భుజం తట్టి "నిజం చెప్పినవ్" అన్నాడు. ఆ వారమే ఆమెది కొన్నారు. సాహిత్య దాన్ని ముందు నా కంప్యూటర్‌లోనే పెట్టింది. నా నిజాయితీని ఆఫీసంతా మెచ్చుకుంది. ఆమెను మించాలనే నిజం చెప్పానని నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.