మా చిన్నోడి గిటారుకు బొక్క నత్తు

మా చిన్నోడు పోయాడన్న కబురు మీలో చాలామందికి చేరే ఉంటుంది. కామెర్లు ముదిరిపోయాయి. దవాఖానలో చేర్చాక ఎక్కువ రోజులు నిలవలేదు. వనపర్తి చుట్టుపక్కల పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రా విన్నవాళ్లకు వాడు గిటార్ పిలగాడు. నాకు కడగొట్టువాడు, అందుకని చిన్నోడు. నేను పెద్దగా చదువుకోలేదు, ఇంట్లో జాకెట్లు కుట్టే మనిషిని. రాతలో తప్పులుంటే మన్నించండి. ఏడ్పు రాయాలని కూర్చోలేదు. వాడితో మా ఇంట్లో ఎంత నవ్వుండేదో చెప్పాలని కూర్చున్నాను.

వాడి చెవులే వేరు. బట్టలు ఆరేసే తీగను వేలితో మీటి, "ఇయ్యాల దుప్పట్లు ఏసినవా అమ్మా? సుతి ఎక్కింది" అనేవాడు. అన్నం పెడితే ముందు కంచం మీద గోటితో కొట్టి విని, తర్వాత కలుపుకునేవాడు. "కూర సల్లారుతున్నదిరా" అంటే, "కంచం ఏడిగున్నప్పుడే మంచిగ పలుకుతది" అని జవాబు.

వాడి గిటారు పాతది, హైదరాబాద్‌లో కొన్నది. దాని పొట్ట దగ్గర ఒక కడ్డీ ఉండేది. నొక్కితే తీగలన్నీ వదులై పాట కిందికి జారేది, వదిలితే మళ్లీ పైకొచ్చేది. మనిషి గొంతు వణికినట్టే ఉండేది. ఆ కడ్డీ అంటే వాడికి ప్రాణం. కానీ నొక్కి వదిలాక తీగ తన చోటికి సరిగ్గా వచ్చేది కాదు, శ్రుతి తప్పేది. ఒక పెళ్లిలో పాడే అమ్మాయి పాట మధ్యలో ఆగిపోయిందట. ఆర్కెస్ట్రా మాస్టర్ అక్కడే చెప్పేశాడు: "కడ్డీ పీకేసి రా. లేకుంటే నాగర్‌కర్నూల్ పెండ్లికి రాకు. కీబోర్డుతోనే ఎల్లదీసుకుంట."

ఆ పూట వాడు కంచం కూడా కొట్టకుండా అన్నం తిన్నాడు. మరునాడు పొద్దున నేను మిషను తొక్కుతుంటే వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, తప్పు కడ్డీది కాదు. నట్‌ది. నట్ మార్చాలె."

మిషను చప్పుడులో నాకు నత్తు అని వినబడింది.

"గిటారుకు నత్తు ఏందిరా? దానికి ముక్కేడున్నది?"

వాడు నేల మీద కూలబడి నవ్వాడు. తర్వాత గిటారు తెచ్చి చూపించాడు. మెడ అయిపోయి తల మొదలయ్యే చోట అడ్డంగా ఒక చిన్న పట్టీ, దాని మీద గాట్లు, ఒక్కో గాటులో ఒక్కో తీగ. అదే నట్ అట. "తీగ బిగించే ఈ మర తిప్పుత, ఇను. టింగుమన్నదా? తీగ గాట్ల ఇరుక్కున్నట్టు. కడ్డీ నొక్కితే తీగ తల దిక్కు జారుతది, వదిలితే మల్ల రాలేక ఆడనే కూసుంటది."

ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు నత్తే.

రూపాయి వేసే డబ్బా ఫోన్ నుంచి హైదరాబాద్ దుకాణానికి మాట్లాడాడు. తీగలను మరలతో బిగించి తాళం వేసే ఇనుప రకం ఉందన్నారు. వాడికి నచ్చలేదు. "మెడ చెక్కాలంట అమ్మా. పాడే ఆమె సుతి మార్చమన్నప్పుడల్లా తాళాలు ఇప్పుకుంట కూసోవాలె. తీగను కట్టేసుడు కాదు, దారి ఇయ్యాలె" అన్నాడు. ఈ మాట తర్వాత నా దగ్గర చాలాసార్లు అన్నాడు, నేను వాణ్ని దూరపు ఊళ్ల పెళ్లిళ్లకు పంపనని మొండికేసినప్పుడు కూడా. బాగా జారే నల్ల రకం ఒకటుంది గానీ అది వచ్చేలోపు పెళ్లి అయిపోతుంది. గద్వాలలో మా అన్న ఇంటి దగ్గర ఇత్తడి పని చేసే పెద్దాయనతో ఒకటి చేయించుకొచ్చాడు. తీగ జారింది. కానీ వేలు పెట్టకుండా మీటితే గంట కొట్టినట్టు, వేలు పెట్టి మీటితే వేరే మనిషి మాట్లాడినట్టు ఉండేది. "ఒక్క నోట్ల రెండు గొంతులు" అని తీసేశాడు.

ఇక మిగిలింది ఎముక.

"బర్రె బొక్క కావాలమ్మా. గట్టిగుంటది, రాకితే నున్నగైతది."

నేను ఎగిరిపడ్డాను. మేము ఏట మాంసం తింటాం గానీ బర్రెది ముట్టం. "ఎల్లమ్మ ఉన్న ఇల్లురా ఇది! బర్రె బొక్క గడప దాటదు" అన్నాను.

వాడు గట్టిగా మాట్లాడలేదు. నా పక్కన కూర్చుని అడిగాడు. "డప్పు కొట్టకుంటే ఎల్లమ్మ బోనం కదులుతదా?"

"యాడ కదులుతదిరా."

"మరి డప్పుకు తోలు ఏడికెల్లొస్తదే?"

డప్పు మీది తోలు బర్రె దూడదేనని నాకు తెలియనిదా! మా పిల్లలు ఖాలా అని పిలిచే పక్కింటామె గోడ మీదుగా చూస్తూ "అయిపాయె, ఓడిపోయినవ్ పో!" అని నవ్వింది. వాళ్లకు మాంసం దుకాణం ఉంది. ఆమే మూలుగుండే లావు నల్లిబొక్క ఒకటి తెప్పించి, తన పొయ్యి మీద సోడా వేసి ఉడికించి, కడిగి ఎండబెట్టి ఇచ్చింది. "తీస్కో బేటా. సూపు అడగకు, పాట తీయ్."

మా అరుగు మీద కూర్చుని వాడు ఆకురాయితో రాకాడు. కనుబొమలు, మీసాలు తెల్లగా అయ్యాయి. "గిప్పుడే ముసలోడివైనవేందిరా" అంటే, "ముసలైనంక గిట్ల ఉంట, సూసుకో" అన్నాడు. ఆ ముసలి ముఖం అప్పుడే బాగా చూసుకున్నానని ఇప్పుడు తృప్తి.

మొదటిదానికి గాట్లు లోతైపోయి తీగ చెక్కకు తగిలి జుయ్యిమంది. పక్కన పడేసి ఇంకో ముక్క పట్టాడు. ఈసారి గాటు తీగ కన్నా వెంట్రుకంత వెడల్పు, తల వైపుకు కొంచెం వాలు, అడుగున గుండ్రం. పెన్సిల్ మొన గీకి ఆ నల్లపొడి గాట్లలో రుద్దాడు. మర తిప్పి నా చెవి దగ్గర పెట్టాడు. టింగ్ లేదు.

నాగర్‌కర్నూల్ పెళ్లికి నన్నూ వెంటబెట్టుకుని వెళ్లాడు. మాస్టర్ గిటారు చూడగానే ముఖం ముడిచాడు.

"కడ్డీ పీకలేదేంర?"

"నత్తు మార్చిన సార్."

"నత్తా? పెండ్లిపిల్ల నువ్వా, ఆమెనా?" తబలా ఆయన పగలబడి నవ్వాడు. మాస్టర్ నవ్వలేదు. "ఒక్క పాట సూస్త. తప్పితే ఆడనే దిగిపోవాలె."

నేను ఆడవాళ్ల కుర్చీల్లో కూర్చుని కొంగు నలుపుతున్నాను. పాట సగానికి వచ్చింది. పాడే అమ్మాయి ఊపిరి తీసుకునే సందులో వాడు కడ్డీ నొక్కాడు. శబ్దం జారి జారి నేల దాకా పోయింది. వాడు వదిలాడు. అది నెమ్మదిగా పైకి లేచి, సరిగ్గా ఆమె ఎత్తుకున్న గొంతు పక్కన వచ్చి నిలబడింది. మాస్టర్ కీబోర్డు మీద నుంచి ఒక చెయ్యి తీసి, తన ముందున్న మైకును వాడి గిటారు మోగే డబ్బా వైపు తిప్పాడు.

వాడు అది చూడలేదు. కళ్లు మూసుకుని ఉన్నాడు. కడ్డీ వదిలిన చెయ్యి గాలిలో అట్లాగే ఆగి ఉంది, తీగ ఇంకా మోగుతూనే ఉంది.